బెంగుళూరు ఆటోకు కమీషన్ తప్పింది... పల్లె ప్రయాణికునికి పాట్లు తప్పలేదు

హిందూపురం : పెద్ద జబ్బు చేస్తే మన ప్రాంతం వారికి బెంగుళూరే దిక్కు. మడకశిర, పెనుకొండ, లేపాక్షి, చిలమత్తూరు పల్లెల నుంచి నిమ్హాన్స్‌కు, కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రికి, జయదేవ గుండె ఆసుపత్రికి జనం వెళ్తూనే ఉంటారు. వంద కిలోమీటర్ల దూరం రైల్లోనో, బస్సులోనో ఎలాగో గడిచిపోతుంది. అసలు చిక్కు మెజిస్టిక్‌లో దిగాక మొదలవుతుంది. చేతిలో సంచులు, స్కానింగు కాగితాలు, పక్కన నడవలేని రోగి. వాలకం చూడగానే ఆటో డ్రైవరు మీటరు మాట ఎత్తడు. నోటికొచ్చిన బాడుగ చెబుతాడు.

ఈ అవస్థకు మందుగా చాలామంది "నమ్మ యాత్రి"ని చూపిస్తున్నారు. ఫోనులో ఆటోను పిలిచే ఏర్పాటు ఇది. కన్నడంలో "నమ్మ" అంటే "మన". బెంగుళూరు ఆటో డ్రైవర్ల సంఘం, అక్కడి జస్‌పే అనే కంపెనీ కలిసి 2022 నవంబరు 1న దీనిని ప్రారంభించాయి.

దీని పుట్టుకకు కారణం తెలుసుకోదగ్గది. అప్పట్లో ప్రభుత్వం నిర్ణయించిన ఆటో బాడుగ మొదటి రెండు కి.మీ.కు రు. 30. ఓలా, ఊబర్, రాపిడో ఫోనుల్లో మాత్రం చిన్న దూరానికి కూడా వంద రూపాయల దాకా పడుతోందని ప్రయాణికులు గోలపెట్టారు. అంత తీసుకున్నా డ్రైవరు చేతికి అంతా రాదు. మధ్యలో కమీషన్ పోతుంది. 2022 అక్టోబరులో కర్ణాటక రవాణా శాఖ ఆ కంపెనీల ఆటోలను ఆపమని ఉత్తర్వు ఇచ్చింది. వ్యవహారం హైకోర్టు దాకా పోయింది. ఆ సందులోనే డ్రైవర్లు తమ ఏర్పాటు తాము చేసుకున్నారు.

ఇందులో కమీషన్ లేదు. ప్రయాణికుడిచ్చే బాడుగ నేరుగా డ్రైవరు చేతికే పోతుంది. 2023లో మాత్రం రోజుకు రు. 25, లేదా ట్రిప్పుకు రు. 3.50 చొప్పున డ్రైవరు కట్టే పద్ధతి పెట్టారు. రోజుకు ఎనిమిది బాడుగలు తోలేవాడికి రోజు లెక్కే లాభం. ఈ పద్ధతి ఎంత పట్టిందంటే, 2024లో రాపిడో, 2025 ఫిబ్రవరిలో ఊబర్ ఆటోలకు కమీషన్ మాని ఇదే దారికి వచ్చాయి. పెద్ద కంపెనీల మెడలు వంచిన ఘనత కొంతయినా ఈ డ్రైవర్లకు ఇవ్వక తప్పదు.

మరి ఎక్కేవాడి మాటేమిటి? ఇక్కడే ఉంది తిరకాసు. డ్రైవరు మీద పెత్తనం తగ్గింది గనుక, వచ్చేదీ రానిదీ అతని ఇష్టం. వాన పడితేనో, సాయంత్రం ఆఫీసులు వదిలితేనో ఫోను పట్టుకుని నిలబడడమే. దగ్గర దూరమంటే ఎవరూ ఒప్పుకోరు. అప్పుడు ఫోను ఇంకో దారి చూపుతుంది, టిప్పు కలపమని. బండి ఎక్కకముందే ఇచ్చేది టిప్పు ఎలా అవుతుందో ఈ విలేకరికి అంతుబట్టదు. దాన్ని వేలంపాట అంటే సరిపోతుంది. 2025 మే నెలలో ఇలాంటి ముందస్తు టిప్పు మీదే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఊబర్‌కు నోటీసు ఇచ్చింది. అయితే బెంగుళూరులో ఈ అలవాటు మొదట కనిపించింది నమ్మ యాత్రిలోనే.

న్యాయమైన బాడుగ ఎంతో తెలిస్తే సగం మోసం తగ్గుతుంది. 2025 ఆగస్టు 1 నుంచి బెంగుళూరులో ప్రభుత్వ రేటు మొదటి రెండు కి.మీ.కు రు. 36, ఆపైన కి.మీ.కు రు. 18. ఏడు కి.మీ. పోతే రు. 126 అవుతుంది. రాత్రి పది నుంచి తెల్లవారుజామున అయిదు దాకా ఒకటిన్నర రెట్లు, అంటే రు. 189. ఫోను ఇంతకన్నా మరీ ఎక్కువ చూపితే కాసేపు ఆగి చూడవచ్చు. జయదేవకు వెళ్లే రోగి నడవగలిగితే ఆటో బెడదే లేదు. మెజిస్టిక్‌లో మెట్రో ఎక్కి, ఆర్.వి. రోడ్డులో మారితే ఆసుపత్రి పేరుతోనే స్టేషను ఉంది. ఆ మార్గం 2025 ఆగస్టులో తెరిచారు.

పల్లెవారిని ఎక్కువగా తిప్పలు పెట్టేది బండి ఎక్కడికి రావాలన్న గుర్తు. రైల్వే స్టేషనుకు మెజిస్టిక్ వైపు ఒక గేటు, ఓకళీపురం వైపు ఇంకొకటి. ఫోనులో గుర్తు ఒకవైపు పడితే మనిషి మరోవైపు ఉంటాడు. డ్రైవరు "ఎల్లిద్దీరి?" అని ఫోను చేస్తాడు. మన హిందూపురం వారికి కన్నడం కొత్త కాదు గనుక మాట వరకు నెగ్గుకొస్తారు. కానీ ఏ గేటో చెప్పలేక తడబడుతుంటే అవతల బండి రద్దయిపోతుంది.

బటన్ల ఫోను తప్ప ఇంకొకటి ఎరుగని పెద్దలకు ఇదేదీ అక్కరకు రాదు. బెంగుళూరులో పనిచేసే కొడుకో, అల్లుడో తానున్న చోటు నుంచే బండి పిలిచి పంపవచ్చు. అయితే డ్రైవరుకు చెప్పాల్సిన నాలుగంకెలు కొడుకు ఫోనుకే వస్తాయి, పెద్దాయన ఫోనుకు రావు. ఆ అంకెలు, బండి నంబరు, ఏ గేటు దగ్గర నిలబడాలన్నదీ ఫోనులో చెప్పించుకుని, పక్కనున్న వారి చేత కాగితం మీద రాయించుకోవాలి. బాడుగ మాత్రం దిగాకే ఇవ్వాలి.