మెతుకు పట్టి చూచుట

గ్రామపెద్దలారా,

అన్నముడికినదో లేదో తెలిసికొనుటకు ఇల్లాలు కుండనంతయు గుమ్మరింపదు. ఒక్క మెతుకు పట్టి చూచును. దీనినే మన పూర్వులు స్థాలీపులాక న్యాయమనిరి. ప్రజలకొక క్రొత్త సౌకర్యమును కల్పింపదలచు వారికిని ఇదియే మార్గము. అయితే ఒక భేదము కలదు. కుండలోని మెతుకులన్నియు ఒకే మంటపై ఉడుకును. గ్రామములన్నియు నట్లు కావు. కావున ఏ మెతుకును పట్టవలెనన్నదే అసలు ప్రశ్న.

ఇందుకొక నిదర్శనము చెప్పెదను. ఉపగ్రహము ద్వారా పల్లెలకు టెలివిజను పాఠములు పంపవచ్చునని విక్రమ్ సారాభాయిగారు తలంచిరి. దేశమంతట ధనము వెచ్చించుటకు ముందు, చూడబోవువారి నడుమనే దానిని పరీక్షింప నిశ్చయించిరి. ఇస్రోవారు అమెరికా ఉపగ్రహము నొకదానిని ఎరవు తెచ్చుకొని, 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు, ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములందు ఈ ప్రయోగము నడపిరి. వానిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి; మన పల్లెలకు తెలుగుననే కార్యక్రమములు వచ్చెను. వసతిగల పట్టణములను విడిచి, వెనుకబడిన ప్రాంతములనే ఎన్నుకొనిరి. ఉదయము బడిపిల్లలకును, సాయంకాలము పెద్దలకును ప్రసారములు జరిగెను.

తొలిదినములలో వింత చూడ జనము విరగబడిరి. వింత తీరిన పిదప గుంపు పలుచబడెను. మొదటి వారమే లెక్క తీసి ముగించియుండినచో ఆ లెక్క మోసపుచ్చియుండెడిది. కొందరు పరిశోధకులు పల్లెలలోనే నివసించి, ఎవరు చూచుచున్నారో, ఎవరికేమి అర్థమగుచున్నదో కనిపెట్టిరి. వినోదముకంటె పనికివచ్చు విషయములనే పలువురు మెచ్చిరని తేలినది. పట్టణమున కూర్చుండి ఊహించువారికిది తోచునది కాదు. 1983లో మన ఇన్సాట్-1బి ఆకాశమున కెగసినప్పటికి ఈ అనుభవము చేతనుండెను.

కాని ఏడాది నిండగనే ఎరవు ఉపగ్రహము మరలిపోయెను. పెక్కు పల్లెలలో పెట్టెలు మూగవోయెను. కావున మీ ఊరికెవరైన క్రొత్త ఏర్పాటును పరీక్షింప వచ్చినచో, "పరీక్ష ముగిసిన పిదప మాకేమి మిగులును?" అని ముందే అడుగుడు. ఊరి చివరి ఇంటివారిని, చదువురాని ముదుసలిని, పనికిపోయి పొద్దుపోయి వచ్చు కూలిని గూడ అడుగుడని వారితో చెప్పుడు. అతిథి మర్యాదకై "బాగున్నదండీ" అని పంపివేయకుడు. మెతుకు పలుకై యుండగా ఉడికినదన్నచో, రేపు పంక్తిలోని వారందరును పలుకన్నమే తినవలసివచ్చును.