మద్రాసు శాసనసభలో మన సీమ మాట

కర్నూలు, కడప జిల్లాల బాలబాలికలకు కఱవన నేమో పాఠ్యపుస్తకము చెప్పనక్కఱలేదు. చెఱువు నిండునా, కాలువకు నీరు వచ్చునా, శిస్తు తగ్గునా యను మాట లింటింట వినబడునవే. ఆంగ్లేయ ప్రభుత్వకాలమున నీ మాటలు మద్రాసు శాసనసభకు జేరినప్పు డేమి జరుగుచుండెనో వివరించుటయే యీ వ్యాసోద్దేశము.

సభ్యుల హక్కు లొక్కసారిగా వచ్చినవి కావు. 1861 నాటి చట్టము ప్రకారము వారు శాసనములనుగూర్చి మాత్రమే మాటలాడవలెను. 1892లో ప్రశ్నించుటకును, ఆదాయవ్యయములను చర్చించుటకును అనుమతి కలిగెను. 1909లో తీర్మానములు తెచ్చు హక్కును, 1919 చట్టముచే వ్యయములపై ఓటు హక్కును లభించెను. ఈ కడపటి చట్టము ననుసరించి యేర్పడి, 1921 జనవరి 12న ప్రారంభమైన సభలో ఎన్నికైన సభ్యులు 98 మంది. ఐనను వారి నెన్నుకొను హక్కు, ఆస్తిపన్నులనుబట్టి, ప్రజలలో కొందఱికే యుండెను.

సభ కూడగానే మొదట ప్రశ్నలు. సభ్యుడు ముందుగా వ్రాసి పంపిన ప్రశ్నకు ప్రభుత్వపక్షము బదులు చెప్పవలెను. ఆ బదులు చాలనిచో అనుబంధప్రశ్న వేయవచ్చును. పిదప తీర్మానములో, బిల్లులో చర్చకు వచ్చును. బిల్లును సాధారణముగా ఉపసంఘము పరిశీలించును; తరువాత సభ దాని నొక్కొక్క నిబంధనగా విచారించి యోటు చేయును. కార్యక్రమ మింగ్లీషున నడచినను, ఆ భాష బాగుగా రాని సభ్యుడు తెలుగున మాటలాడుటకు నియమములు సమ్మతించెను.

అయితే సభ కన్నింటిపై సమానాధికారము లేదు. విద్య, ప్రజారోగ్యము, వ్యవసాయము మొదలగు శాఖలు సభకు బాధ్యులైన మంత్రులవి. భూమిశిస్తు, నీటిపారుదల, పోలీసు, ధనము గవర్నరును, ఆయన కార్యనిర్వాహకసభ్యులును నిలుపుకొన్నవి. వీనిపై సభ తీర్మానము సిఫారసు మాత్రమే. సభ తగ్గించిన వ్యయమును గవర్నరు అవసరమని తిరిగి చేర్చవచ్చును. ఒక యింట నిద్దఱు యజమానులుండి, పెట్టె తాళపుచెవి యొకని మొలనే యున్నట్లుండెను.

దీని ఫలమును మన సీమయందే చూడుడు. విద్య మంత్రి శాఖ. కావున ఏ. పి. పాత్రో విద్యామంత్రిగా నున్నపుడు సభ 1926 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టమును చేయగలిగెను. సుంకేసుల యానకట్టనుండి కర్నూలు, కడప సీమలకు నీరు తెచ్చు కాలువ యట్లు కాదు. 1882లో ప్రభుత్వము కంపెనీనుండి కొన్న యా కాలువనుగూర్చి సభ్యు డెంత వాదించినను, సభకు బాధ్యుడైన మంత్రి దానికి లేడు. మెట్టసీమకు ప్రాణమైన నీరే ప్రజల యోటు కందనిదయ్యెను.

అట్లని యడుగుట వ్యర్థమా? కాదు. అడిగిన ప్రశ్నయు, వచ్చిన బదులును సభా నివేదికలలో నచ్చుపడెను. బదులు చెప్పు నలవాటు ప్రభుత్వమునకు బట్టుబడెను. 1937లో ఆ శాఖలును మంత్రుల చేతికి వచ్చెను. 1953 అక్టోబరు 1న కర్నూలే ఆంధ్రరాష్ట్ర రాజధానియై, 1956 వఱకు శాసనసభ మన యూరనే కూడెను. విద్యార్థులారా, నేడు మీ తరగతిలో సందేహము నడుగుటకు వెనుదీయకుడు. పౌరుని తొలిహక్కు ప్రశ్నయే.