నిండుకున్నాయంటే ఖాళీ అయ్యాయని!

మన పెద్దవాళ్ళ మాటతీరులో ఒక తమాషా ఉంది. డబ్బాలో గింజ లేనప్పుడే బియ్యం "నిండుకున్నాయి" అంటారు. దీపం ఆరితే "కొండెక్కింది" అంటారు. మంగళసూత్రం తెగితే "పెరిగింది" అంటారు. గుమ్మం దిగేవాళ్ళు "వెళ్తాను" అంటే ఒప్పుకోరు, "వెళ్ళొస్తాను" అనాల్సిందే. ఇంట్లో లేమి మాట, చేటు మాట వినపడకూడదని వాళ్ళ పట్టుదల. కోడలు నెల తప్పితే "నీళ్ళోసుకుంది" అని చెప్పడంలో ఎంత సంతోషం, ఎంత గుట్టు ఉన్నాయో చూడండి!

బరంపురంలోనూ, గంజాం జిల్లాలోనూ ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ మాటలతో ఒక చిక్కుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఇప్పుడు చాలామంది పిల్లల చదువు ఒడియాలోనో, ఇంగ్లీషులోనో సాగుతోంది. వాళ్ళకి తెలుగంటే ఇంట్లో చెవిన పడినదే. "బియ్యం నిండుకున్నాయి, కొట్టుకెళ్ళి రా నాన్నా" అని అమ్మ అంటే, "నిండితే మళ్ళీ ఎందుకమ్మా?" అని గుంటడు అడగడంలో వింతేముంది? మనం నవ్వేసి ఊరుకుంటే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది.

అర్థం చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. పక్కింటి ఒడియావారు బయల్దేరేటప్పుడు "జాఉఛి", అంటే వెళ్తున్నాను, అనరు. "ఆసుఛి" అంటారు, అంటే వస్తున్నాను అని. మన "వెళ్ళొస్తాను"లో ఉన్న మర్యాద కూడా అదే. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలకి ఇది ఇట్టే బోధపడుతుంది.

అయితే పాత మాటలన్నీ నెత్తిన పెట్టుకోవాలా? మశూచిని "అమ్మవారు పోసింది" అనేవారు. ఆ జబ్బు ప్రపంచంలో లేకుండా పోయిందని 1980లో ప్రకటించారు, మాట మాత్రం మిగిలింది. నెలసరిని "బయట చేరింది" అనడంలో ఆడపిల్లను దూరంగా కూర్చోబెట్టిన ఆచారం దాగుంది. ఆ ఆచారంతోపాటు ఆ మాటా పోతే బెంగలేదు. పాము పేరెత్తకుండా "పురుగు ముట్టింది" అనడం మరీ జాగ్రత్తగా చూడవలసింది. ఇంట్లో ఎలా అన్నా, ఆసుపత్రిలో మాత్రం "పాము కరిచింది" అని సూటిగా చెప్పాలి. అక్కడ గుట్టు ప్రాణం మీదకి తెస్తుంది.

కాబట్టి మనసు నొప్పించకుండా మాట్లాడే నేర్పును ఉంచుకుందాం, దాపరికాన్ని వదిలేద్దాం. వాడుక భాషకు పుస్తకాల్లో చోటు కావాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఏళ్ళ తరబడి పనిచేసింది ఆనాటి గంజాం జిల్లా పర్లాకిమిడిలోనే. ఆ గడ్డ మీద ఉన్నవాళ్ళం, మన ఇంటి మాటని మనమే రాసిపెట్టుకోకపోతే ఎలా?

ఈ సెలవుల్లో పిల్లల చేతికి ఒక నోటుపుస్తకం ఇవ్వండి. అమ్మమ్మ, నాయనమ్మ, తాతయ్యల దగ్గర కూర్చోమనండి. మాట ఒక్కటే కాదు, ఎవరితో, ఏ సందర్భంలో అంటారో కూడా రాయించండి. సందర్భం తెలియకపోతే "నిండుకున్నాయి" అన్న మాటకు నిఘంటువులో అర్థం దొరుకుతుందేమో గాని, అది ఎందుకు అన్నారో దొరకదు. అది చెప్పగల పెద్దవాళ్ళు ఇంట్లో ఉండగానే అడిగేద్దాం.