చుక్కాని పట్టిన యంత్రము

ఓడ చుక్కాని పట్టువానిని గ్రీకు భాషలో కుబెర్నెటీస్ అందురు. 2014 వ సంవత్సరమున గూగుల్ సంస్థ వెలువరించిన యొక సాఫ్ట్‌వేరునకు ఈ పేరే పెట్టబడినది. అనేక కంప్యూటర్లను ఒక సమూహముగా జేర్చి, వానిపై నడచు ప్రోగ్రాములను కనిపెట్టి యుండుట దీని పని. ప్రతి ప్రోగ్రామును, దానికి వలయు సామగ్రితో గూడ, కంటెయినరు అను పెట్టెలో నుంచి నడపుదురు.

ఈ విద్య నభ్యసించుటకు పెద్ద యంత్రశాల యక్కరలేదు. ‘కైండ్’ అను ఉపకరణముతో ఒక్క కంప్యూటరులోనే సమూహమును నిర్మింపవచ్చును. అందు కంప్యూటర్లుగా నటించునవియు కంటెయినర్లే! ఒకటి నాయకుడు; తక్కినవి పనివాండ్రు. గ్రంథాలయపు పుస్తకముల పట్టికను చూపు ప్రోగ్రాము ఒకటి కలదనుకొనుడు. దాని ప్రతులు మూడు ఎల్లప్పుడు నడచుచుండవలెనని నాయకునకు తెలిపిన చాలును. ప్రొమీథియస్ అను పర్యవేక్షకుడు నియమిత కాలమున కొకసారి ప్రతి ప్రోగ్రామును పలుకరించి, వచ్చిన ప్రశ్నలెన్ని, తప్పిన జవాబులెన్ని యని యడిగి వ్రాసికొనును. గ్రఫానా ఆ సంఖ్యలను గీతలుగా జూపును.

ఏర్పాటు గట్టిదో కాదో తెలియుటెట్లు? కావలెనని చెడగొట్టి చూడవలయును. అమెరికాలోని నెట్‌ఫ్లిక్స్ సంస్థకు 2008 లో డేటాబేసు చెడి, మూడు దినములు డి.వి.డి.లు పంపుట నిలిచిపోయెను. ఆ పిమ్మట వారు తమ యంత్రములలో నేదో యొకదానిని పనివేళలలోనే ఆర్పివేయు ‘కేయాస్ మంకీ’ని తయారుచేసికొనిరి. పేరు తగినదే, తోటలో జొరబడిన కోతి ఏ కొమ్మ విరుచునో యెవరికి దెలియును?

మూడు ప్రతులలో నొకదానిని తొలగించిన, నాయకుడు కొన్ని క్షణములలో మరియొక ప్రతిని నిలుపును. ఒక పనివానినే ఆర్పివేసిన కథ వేరు. వానినుండి వార్త రాకుండుటచే, నాయకుడు ఒక నిమిషము లోపుగనే వాడు సిద్ధముగా లేడని గుర్తించును. కాని వానిపై నున్న ప్రతికి బదులు నిలుపుటకు సాధారణముగా మరి 5 నిమిషములు వేచియుండును. ఇది సోమరితనము కాదు. వార్త రానంతమాత్రమున పనివాడు మరణించెనని చెప్పరాదు. నడుమనున్న దారియే తెగియుండవచ్చును. తొందరపడినచో, బ్రదికియున్నవాని పనిని వేరొకనికి గూడ అప్పగించినట్లగును.

ప్రతులు మూడును వేర్వేరు పనివాండ్రపై నున్నచో, మొదట కొన్ని ప్రశ్నలు వ్యర్థమైనను, మిగిలిన రెండు ప్రతులు పని జరుపుచుండును. మూడును ఒక్కనిపైననే యున్నచో పుస్తకముల పట్టిక పూర్తిగా మూతపడును.

క్రొత్తగా నేర్చువారు తరచు పర్యవేక్షకుని గూడ ఆ ఆర్పిన పనివానిపైననే యుంచుదురు. అప్పుడు గీత దిగదు, ఎక్కదు. ప్రమాదము జరిగిన సమయమునకు తెరపై ఏమియు నుండదు. రెండవమారు పర్యవేక్షకుని వేరొకచోట నుంచి, అదే పనివానిని మరల నార్పి, గడియారము చూచుకొనుచు కూర్చుందురు.