వెడలిపోవు వేడిమిని పట్టు విధము

మన తిరువూరు ప్రాంతపు పల్లెలలో పొయ్యి వేయునపుడు దాని ప్రక్కనే చిన్నపొయ్యి నొకదానిని అమర్చి, రెంటికి నడుమ కన్నము విడుచుట మీరెఱిగినదే. అన్నమునకై వేసిన మంటయే ప్రక్కకు పాఱి నీళ్లు కాచును. యంత్రశాలలలో నేడు జరుగుచున్నదియు నిదియే. అచ్చట ఆ మిగులు వేడిమితో విద్యుత్తు తీయుదురు.

సిమెంటు బట్టీలో ముడిపదార్థము 1400 డిగ్రీలకు మించి కాగవలెను. ఆ పని తీరిన పిమ్మట వెడలు పొగ యింకను 300 డిగ్రీలకు పైబడియే యుండును. మనకు పడమట, జగ్గయ్యపేట చెంతనున్న జయంతిపురమున, ఇట్టి పొగతో నీటిని ఆవిరిగా మార్చి టర్బైనును త్రిప్పు ఏర్పాటు కలదు. ఇందులకు బొగ్గు అదనముగా వేయ నక్కఱలేదు. వేడిమి మఱింత తక్కువైనచోట నీటికి బదులు పెంటేను వంటి ద్రవమును వాడుదురు. అది 36 డిగ్రీలకే మరగును. అనంతపురము జిల్లా తాడిపత్రి సిమెంటు కర్మాగారమున 2007లో ఇట్టి ద్రవముతో నడచు యంత్రమును నెలకొల్పిరి.

ఆశ మితిమీఱరాదు. 1824లో ఫ్రాన్సు దేశపు కార్నో కనుగొనిన నియమమునుబట్టి, 150 డిగ్రీల వేడిమిని గ్రహించి 40 డిగ్రీలకడ విడుచు యంత్రము, ఎంత నిర్దుష్టమైనను, అందు నూటికి 26 పాళ్లకు మించి పనిగా మార్చజాలదు. రోహిణీకార్తెలో చల్లార్చు గాలియే వేడెక్కుటచే ఆ పాలును తగ్గును.

అసలు చిక్కు వేఱొకటి. ఈ వేడిమి మన చెప్పుచేతలలోనిది కాదు. బట్టీకి అందు రాతిపొడి మాఱినను, బొగ్గు తడిసినను పొగ తీరు మాఱును. వేడిమి తగ్గినను పంపు మునుపటి వడితోనే ద్రవమును పోయుచున్నచో, అది పూర్తిగా ఆవిరికాక, బిందువులై టర్బైను రెక్కలను కొట్టి తినివేయును. పోత చాలక వేడిమి మించినచో ఆ ద్రవమే చెడిపోవును. కావున పంపు వడిని ఎడతెగక సవరింపవలెను.

జేమ్సు వాట్ 1788లో ఆవిరియంత్రమునకు అమర్చిన గవర్నరు ఇట్టి సవరణకు పూర్వరూపము. కాని దాని తీరు ఎన్నటికి నొక్కటే. ఇచ్చటనో, పోత మందగించినపుడు పంపు వడిలో చేసిన కొద్దిమార్పే ఆవిరి వేడిమిపై హెచ్చుగాను, ఆలస్యముగాను పనిచేయును. నిండుపోతకు తగిన సవరణ అప్పుడు అతియై, ఆవిరి ఒకమాఱు మించి ఒకమాఱు తగ్గి ఊగులాడును.

దీనికి విరుగుడు, తన సవరణనే సవరించుకొను నియామకము. 1973లో స్వీడను దేశస్థులు ఆస్త్రోమ్, విట్టెన్‌మార్క్ అనువారు ఇట్టిదానిని గూర్చి శాస్త్రవ్యాసము ప్రకటించిరి. ఇది తాను చేసిన మార్పునకు యంత్రము ఎట్లు బదులిచ్చునో ముందుగా ఊహించి, పిమ్మట కొలిచి, ఊహకును కొలతకును గల భేదమునుబట్టి తరువాతి సవరణను హెచ్చించుటయో తగ్గించుటయో చేయును. బెల్లము వండు నేర్పరి రసము పొంగు చూచి మంటను దిద్దుట వంటిదే యిది.

ఇందొక అపాయమును గలదు. బడిలో బాలురకు లెక్కలు చెప్పిన నాకు అది వింతగా తోచలేదు. యంత్రము చాలకాలము నిలకడగా నడచినచో నియామకమునకు క్రొత్త పాఠము దొరకదు. కొలతలలోని చిల్లర తప్పులనే పాఠములుగా భావించి, ఉన్న తెలివిని చెడగొట్టుకొనును. ఒకే లెక్కను నిత్యము చేసిన బాలుడు పద్ధతిని మఱచి జవాబును వల్లించును గదా! అందుచే మార్పు లేనపుడు దాని నేర్పును ఆపి ఉంచుదురు. సవరణకు హద్దులు పెట్టుదురు. ప్రమాదవేళ టర్బైనును నిలుపు ఏర్పాటును, ఒత్తిడిని విడుచు వాల్వును దాని వశము చేయరు. అవి వేఱుగా నుండి, ఏమియు నేర్వక, తమ యొక్క పనిని తాము చేయుచుండును.