ప్రోస్టేట్ బయాప్సీ అంటే భయమా? నొప్పి తగ్గించే మార్గాలున్నాయి

బుచ్చయ్యపేట లాంటి మండలాల్లో పెద్ద వయసు మగవాళ్లు మూత్రం సమస్యను త్వరగా బయటపెట్టరు. రక్తపరీక్షలో పీఎస్ఏ ఎక్కువ వచ్చి, డాక్టర్ బయాప్సీ రాస్తే చాలామంది అక్కడే ఆగిపోతారు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న మాట ఒక కారణం. అలా జరగడం చాలా అరుదు. అసలు భయం నొప్పి గురించే.

పీఎస్ఏ పెరిగితే క్యాన్సరే అని కాదు. గ్రంథి వాపు, ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా పెరుగుతుంది. అనుమానం తేలాలంటే ముక్క తీసి చూడాల్సిందే.

సాధారణంగా మలద్వారం గుండా వేలు మందం అల్ట్రాసౌండ్ పరికరం పెట్టి, సన్నని సూదితో 10 నుంచి 12 ముక్కలు తీస్తారు. పని 20 నిమిషాల్లోపే అయిపోతుంది. మొదట ఒత్తిడిగా ఉంటుంది. ప్రతి ముక్కకూ 'టక్' అని శబ్దం వస్తుంది. ఆ శబ్దానికే చాలామంది ఉలిక్కిపడతారు. ముందే ఒకసారి వినిపించమంటే ఆ బెదురు తగ్గుతుంది.

నొప్పి తగ్గించడానికి గ్రంథి పక్కన నరాల దగ్గర లిడోకెయిన్ మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. ఈ పద్ధతి 1996 నుంచి వైద్య పత్రికల్లో ఉంది. జెల్ ఒక్కటే రాస్తే అంత ఫలితం ఉండదు. అందుకే "మత్తు సూది ఇస్తారా డాక్టర్‌గారూ?" అని ముందే అడగాలి. మధ్యలో నొప్పి ఎక్కువైతే చెప్పాలి, మొహమాటపడొద్దు. వృషణాల వెనుక చర్మం గుండా తీసే పద్ధతి కూడా ఉంది. అందులో ఇన్‌ఫెక్షన్ ముప్పు తక్కువ.

రక్తం పలచబడే మందులు, షుగర్, మందుల ఎలర్జీ ఉంటే ముందే చెప్పాలి. యాంటీబయాటిక్ రాస్తే చెప్పిన వేళకు వేసుకోవాలి. ఒంటరిగా వెళ్లకుండా ఇంట్లో ఒకరిని తోడు తీసుకెళ్లాలి.

తర్వాత కొన్ని రోజులు మూత్రంలో, మలంలో కాస్త రక్తం, కొన్ని వారాలు వీర్యంలో ఎరుపు కనిపించడం మామూలే. నొప్పికి ఏ మాత్ర వేసుకోవాలో డాక్టర్‌నే అడగాలి.

కానీ చలితో జ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా, రక్తం గడ్డలుగా పడినా "పొద్దున్నే చూద్దాంలే" అనుకోవద్దు. రాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి. విశాఖ నుంచి ఊరికి బయల్దేరే ముందే అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో, దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో రాయించుకోవాలి.

మత్తు సూదితో చేస్తే ఇది చాలామంది ఓర్చుకోగలిగే పరీక్షే. భయంతో వాయిదా వేస్తే, క్యాన్సర్ ఉన్నవాళ్లకు తొలిదశలో వైద్యం అందే అవకాశం చేజారుతుంది.