అరకులోయలో మూడు దినములు



మన పెడన ప్రాంతమున పుట్టి పెరిగినవారికి కొండ యన నెట్టిదో తెలియుట యరుదు. కాలువగట్టెక్కి చూచినచో నాలుగు దిక్కుల ఆకాశము నేలకు దిగువరకును వరిచేలే కాననగును. బెజవాడ దుర్గమ్మ కొండయే మనకు మహాపర్వతము. కోతలు ముగించి కుప్పలు వేసిన పిమ్మట, మార్గశిర మాసమున, మన సంఘ సభ్యులము ఐదుగురము అరకులోయకు పోయి మూడు దినము లుండి వచ్చితిమి. చూచినదానిలో వినోదము కొంత, మనకు పనికివచ్చునది కొంత కలదు. రెంటిని ఇచట విన్నవించుచున్నాము.

పెడనలో బండి యెక్కి విశాఖపట్టణము చేరి, మరునాటి యుదయము కిరండూలు పోవు బండిలో కూర్చుంటిమి. ఈ మార్గము వినోదమునకై వేసినది కాదు. బైలదిల్లా గనుల ఇనుపరాతిని రేవునకు చేర్చి జపాను దేశమునకు పంపుటకై 1960 దశకమున కొండలను తొలిచి నిర్మించినది. ఒక సొరంగము వెడలిన వెంటనే మరియొకటి వచ్చును. ఎన్నియో లెక్కింపబూని నడుమనే లెక్క తప్పితిమి. సముద్రమట్టమునకు 996 మీటర్ల యెత్తుననున్న శిమిలిగూడ స్టేషను దాటి అరకు చేరితిమి. పోటునీరు చేలమీదికి వచ్చునేమో యని వెరచు మనకు అంత యెత్తున సేద్యము చూచుట వింతయే కదా.

దారిలోని బొర్రా గుహలు చూడదగినవి. సున్నపురాతి కొండలో నీరు బొట్టుబొట్టుగా జారి, యుగముల తరబడి స్తంభములను, తెరలను దిద్దినది. గోస్తనీ నది యీ కొండలలోనే పుట్టి సముద్రమునకు పోవుచున్నది. లోయలో వలిసె చేలు పసుపు పరచినట్లుండెను. పట్టణ వాసులు ఫొటోల కొరకై చేలలో దిగుచుండిరి. అదియు నొక రైతు పంటయేనని మరువక గట్టుననే నిలిచితిమి.

వరియన్నము లేనిదే భోజనము కాదను మనకు అచటి చోడి యంబలి మొదట రుచింపలేదు. రెండవనాడు చలిలో అదే యడిగి త్రాగితిమి. పచ్చి వెదురుబొంగులో మసాలా పట్టించిన కోడిమాంసము కూరి, మూతికి ఆకులు దోపి నిప్పులపై కాల్తురు. నూనెచుక్క లేకయే వెదురు చెమ్మతో అది యుడుకును. రాత్రి స్త్రీలు ఒకరి వెనుక నొకరు చేతులు పెనవేసి థింసా ఆడిరి. డప్పునకు తగినట్లు వరుస యంతయు పామువలె మెలిదిరుగును. ఒక్క యడుగైనను తప్పదు.

ఇక ముఖ్యవిషయము. పూర్వము పోడు కొట్టి చోళ్లు, సామలు పండించిన కొండరైతులు చాలమంది నేడు చెట్లనీడను కాఫీ పెంచుచున్నారు. నీడచెట్లకు మిరియపు తీగ ప్రాకింతురు. ఒక్కొక్కరి భూమి స్వల్పమే. సంతలో వర్తకుడు చెప్పినదే ధర, అప్పు తీరుటయే లాభము అను స్థితి నుండి వారిని తప్పించుటకై 1956లో గిరిజన సహకార సంస్థ స్థాపింపబడెను. పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము 1995లో వచ్చిన పిదప చిన్న, సన్నకారు గిరిజన కాఫీరైతులును తమకొక సంఘము నేర్పరచుకొనిరి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. పారిసు నగరమున అరకు పేరిట దుకాణము 2017లోనే వెలసినది.

ఇది యెట్లు సాధ్యమైనదో ఒక తోటలో తెలిసినది. మన వరిమడిని ఒక్కనాడు కోసివేయుదుము. కాఫీ కాయలు ఒక్కసారి పండవు. ఒకే చెట్టును పలుమారులు కోయవలెను. ఎర్రపండును మాత్రమే తీసి పచ్చికాయను విడువవలెను. పిదప నీటబోసి తేలినవానిని వేరుచేయుదురు; మనము విత్తనపు వడ్లలో తాలు తీయునట్లే.

"తాతా, కొమ్మ నొక్కసారే దూసివేసిన పని తీరును కదా?" యని మేమడుగగా ఆ వృద్ధరైతు నవ్వి, "తీరును బాబూ. నా బుట్టలోని పచ్చికాయ అందరి కాఫీలోను కలియును. ధర తగ్గిన నాకొక్కనికే తగ్గదు" అనెను.

ఆ మాట మాకు సూటిగా తగిలినది. ధాన్యపు కొనుగోలులో తేమ నూటికి 17 పాళ్లు మించరాదని మనమెరుగుదుము. అయినను మేఘము చూచి తొందరపడి, ఆరని వడ్లను ఆరినవాని యడుగున కలిపిన దినములు మాలోనే కొందరికి కలవు. బస్తా విప్పి చూచినప్పుడు ఆరబెట్టినవాడును, ఆరబెట్టనివాడును ఒకే కోత పడుదురు. తరువాత సంఘమును నిందింతుము.

కావున సభ్యులకు మా మనవి: వచ్చు సర్వసభ్య సమావేశమున, తూకమునకు ముందు ప్రతి సభ్యుని ధాన్యమును ఇద్దరు తోటి సభ్యులు పరీక్షించు నియమమును చర్చింతము. మొదట మా యైదుగురి కుప్పలనే పరీక్షింపవచ్చును.

అరకు పోదలచినవారు మార్గశిర, పుష్య మాసములలో పోవుట మేలు, దుప్పట్లు మరువరాదు. పూలచేలను చూడుడు, వెదురుకోడి తినుడు. తప్పక ఒక కాఫీతోటకు పోయి, కోయువారి బుట్టలోనికి తొంగిచూడుడు.